సందు వైపు కిటికీ

సాయంత్రం. నేల అంతస్తులో, సందులోకి తెరుచుకునే కిటికీ ఉన్న గది. కిటికీ పక్క కుర్చీలో మాస్టారు. ఎదురుగా స్టూలు మీద కాలనీ సెక్రటరీ.

“మార్చి పదకొండు, బుధవారం. ఆ పూట నేను రెండు గుడ్లు ఉడకబెట్టుకుని రొట్టెలో పెట్టుకు తిన్నాను. ఒకటి కాస్త ఎక్కువ ఉడికింది.”

“మాస్టారూ, నేనడిగింది మీరేం తిన్నారని కాదు.”

“తారీకు గుర్తుందా అన్నారు కదా. నాకు తారీకులు తిండితోనే గుర్తుంటాయి. ఇదివరకు తారీకులు మా ఆవిడ చూసుకునేది, తిండి సంగతి నేను చూసుకునేవాణ్ణి. ఇప్పుడు రెండూ నా నెత్తినే పడ్డాయి.”

“సరే. ఆ బుధవారమే ముందు వీధిలో దొంగ పడ్డాడు. డాక్టరు గారి ముందు వాకిట్లో ఇత్తడి కుళాయిలన్నీ విప్పుకుపోయాడు. పక్కింటివాళ్ల సైకిలు కూడా.”

“కుళాయిలు విప్పడమంటే చాలాసేపు పడుతుందే. బిగుసుకుపోయి ఉంటే మరీను.”

“అదే కదా నా బాధ. తీరిగ్గా కూర్చుని విప్పాడు. పోతూ పోతూ నీళ్లు కారకుండా గొట్టాలకి గుడ్డలు చుట్టి మరీ పోయాడు.”

“పోనీలెండి, ఇంగితం ఉన్నవాడే.”

“దొంగని మెచ్చుకోకండి మాస్టారూ. ఈ ఏడాది ఇది నాలుగోసారి. అందుకని కమిటీ కూర్చుని ఒక నిర్ణయానికొచ్చింది. ఏకగ్రీవంగా.”

“మంచిది.”

“ఏంటో వినకుండానే మంచిదంటే ఎలా?”

“ఏకగ్రీవం మంచిదే కదండీ. నీళ్ల మోటారు ఎవరు ఆపాలన్న దాని మీద కూడా మన కాలనీలో ఎప్పుడూ ఏకగ్రీవం రాలేదు.”

“గోడ, మాస్టారూ. గోడ లేపుతున్నాం. ఈ సందు పొడుగునా, ఏడడుగులు. పైన గాజుపెంకులు.”

“సందు పొడుగునా అంటే... ఈ కిటికీ ముందు నుంచి కూడానా?”

“కిటికీ జోలికి రాం. అది పూర్తిగా మీ ఇష్టం. తెరుచుకోండి, మూసుకోండి, పరదా కట్టుకోండి. దానికి ఎదురుగా గోడ ఉంటుంది, అంతే.”

“ఎంత ఎదురుగా?”

“చెయ్యి చాపితే తగులుతుంది.”

“ఊఁ.”

“ఊఁ అంటే సరేననా?”

“ఊఁ అంటే విన్నానని.”

“రంగు మీరేది చెబితే అది వేయిస్తాం. లేతాకుపచ్చ అయితే కంటికి హాయిగా ఉంటుందని ట్రెజరర్ గారు అన్నాడు.”

“రంగుదేముందండీ. నాకు ఏదైనా ఒకటే.”

“మీ మంచితనం మాకు తెలీదా. అందుకేగా పని మొదలెట్టే ముందు మీ చెవిన వేద్దామని వచ్చాను. ఇటుకలు దింపేశాం. మేస్త్రీ రేపు పొద్దున్నే వస్తాడు.”

“ఇటుకలు దింపిన చప్పుడు విన్నాను. ఎవరిదో కొట్టుగది అనుకున్నాను. ఒక్క సంగతి అడగనా? దొంగ పడింది ముందు వీధిలో. గోడ వెనక సందులో ఎందుకు?”

“ముందు వీధిలో గోడ ఉంది కదండీ. మళ్లీ ఎందుకు?”

“ఉన్నచోటేగా దొంగ పడ్డాడు.”

“పడ్డాడు. ఇప్పుడిక అక్కడ కుళాయిలు లేవు. లేవు కాబట్టి ఇటు వస్తాడు.”

“ఈ సందులో ఎప్పుడూ పడలేదే.”

“అదే మా భయం. ఇంతకాలం పడలేదంటే, పడాల్సింది అలాగే మిగిలి ఉందన్నమాట.”

“మీ లెక్క ప్రకారం చూస్తే నిజమే.”

“అయితే మేస్త్రీకి చెప్పెయ్యనా? సందులోకి చూసే కిటికీ ఈ వరస మొత్తానికి మీదొక్కటే. మీరు ఊఁ అనకుండా తాపీ పట్టుకోనంటున్నాడు. మీ ఆవిడంటే వాడికి భయం.”

“ఆవిడ లేదు కదా.”

“వాడికి అలవాటు పోలేదు.”

“సెక్రటరీ గారూ, నాకీ కిటికీ కావాలండీ.”

“కిటికీ ఎక్కడికీ పోదంటున్నాను కదా.”

“గోడ వస్తే కిటికీ పోయినట్టే. పొద్దున లేచి ఈ కుర్చీలో కూర్చుంటే నాకు రోజు గడుస్తుంది. బడికి పోయే పిల్లలు, కూరలబండి, పైవాళ్ల పోట్లాటలు. వెనక గదిలో కూర్చుంటే నేను ఉన్నానో లేనో నాకే అనుమానం వస్తుంది.”

“టీవీ పెట్టుకోండి మాస్టారూ. మా వాడిచేత మంచిది తెప్పిస్తాను.”

“టీవీ నాకు పనికిరాదు... ఉండండి, ఎవరో వస్తున్నారు. మా బుజ్జిలా ఉంది. ఒక చెప్పు ఈడుస్తోంది.”

“మావయ్యా, తలుపు తెరిచే పెట్టుకుని కూర్చున్నారేంటి?”

“నువ్వొస్తావనే. చెప్పు తెగిందా?”

“బస్సు దిగేటప్పుడు తెగింది, పిన్నీసు పెట్టాను. ఎలా తెలిసింది మీకు? అరే, సెక్రటరీ గారూ. మీరున్నారా.”

“మేడం గారా. మీరిక్కడ... ఏంటి, మాస్టారు మీకు...”

“మా అత్తయ్యగారి భర్త. మా నాన్నగారి చెల్లెలే మా అత్తయ్య.”

“మాస్టారూ, కాలనీకి ప్లాను గీసిచ్చిన ఇంజనీరమ్మ మీ మేనకోడలని ఎప్పుడూ చెప్పలేదే.”

“మీరు అడగలేదు కదండీ.”

“సెక్రటరీ గారూ, గుమ్మం పక్కన ఆ ఇటుకలేంటి? నా ప్లానులో అన్ని ఇటుకల పని లేదే.”

“మీ ప్లానే అమలు చేస్తున్నాం మేడం. అక్షరం పొల్లుపోకుండా. ఎక్కడో ఒకటీ అరా మార్చాం.”

“నేను గీసింది మోకాలెత్తు గోడ. ముందు వీధిలో ఉన్నదాన్ని పడగొట్టి మోకాలెత్తుకి తెమ్మన్నాను.”

“ఎత్తు దగ్గర చిన్న మార్పు.”

“ఎంత చిన్నది?”

“ఏడడుగులు, బుజ్జీ, ఈ కిటికీ ముందు నుంచే. పైన గాజుపెంకులు. లేతాకుపచ్చ రంగు.”

“మావయ్యా, మీరు ఊరుకోండి. సెక్రటరీ గారూ, ఎత్తుగోడ దొంగకి అడ్డం కాదు, చాటు. దూకేదాకానే వాడికి కష్టం. దూకాక లోపల వాడు వంటచేసుకు తిన్నా బయటికి కనపడడు. ఆ కుళాయిలు అలా తీరిగ్గా విప్పుకుపోయింది అందుకే.”

“మీరు మీటింగులో చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం కూడా.”

“బెంచీ వేయమన్నాను. వీధి మలుపులో, చెట్టు కింద.”

“వేశాం.”

“ఎక్కడ? వస్తూ చూశాను, లేదే.”

“ఆఫీసు గదిలో పెట్టించాం. బయట వేస్తే జనం వచ్చి కూర్చుంటున్నారు మేడం.”

“బెంచీ ఉన్నది కూర్చోడానికే కదండీ.”

“మా కాలనీవాళ్లు కూర్చుంటే వేరు. ఎవరెవరో కూర్చుంటే ఎలా?”

“పోనీ, దీపాలు?”

“దీపాల దగ్గర మీరు మమ్మల్ని మెచ్చుకోవాలి. మీరు చెప్పినదానికి రెట్టింపు వెలుగు పెట్టాం. ముందు వీధిలో రాత్రంతా పట్టపగలే.”

“మరి వీధిలో ఏం జరుగుతోందో ఇళ్లలోవాళ్లకి కనిపిస్తోందా?”

“లేదు. ఆ వెలుగు భరించలేక అందరూ నల్ల పరదాలు కట్టుకున్నారు.”

“అంటే దొంగకి కుళాయి మరలు కనపడ్డానికి మీరు దీపం పెట్టారు. ఇంట్లోవాళ్లకి దొంగ కనపడకుండా పరదా కట్టారు.”

“మీరలా అంటే వినడానికి బాగోదు గానీ...”

“కాలిదారి గేటు తెరవమన్నాను. నలుగురూ అటూ ఇటూ నడుస్తుంటే దొంగకి జంకు ఉంటుందని.”

“తెరిచాం. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఎవరడిగినా ఇస్తాను.”

“మావయ్యా, మీరు నవ్వుతున్నారు.”

“లేదమ్మా, పొలమారింది.”

“కెమెరా సంగతి అడగరేం మేడం? కెమెరా మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దొంగ టోపీ ఎంత స్పష్టంగా వచ్చిందంటే, ఈ మధ్యే ఉతికిన టోపీ అని మా ఆవిడ చెప్పేసింది.”

“మొహం?”

“మొహం టోపీ కింద ఉంది కదండీ.”

“మంచినీళ్లు తాగు బుజ్జీ. కుండ పక్కన గ్లాసు బోర్లించి ఉంటుంది. సెక్రటరీ గారిని అలా నిలదీయకు. ఆయన జీతం లేని పని చేస్తున్నాడు.”

“అదీ, అలా చెప్పండి మాస్టారూ.”

“నేను నిలదీయట్లేదు మావయ్యా. ఇదిగో, ఈ పటం చూడండి. పదేళ్లలో కాలనీలో ఎక్కడెక్కడ దొంగతనాలు జరిగాయో చుక్కలు పెట్టాను.”

“నువ్వు చెప్పు. నాకు వింటేనే బాగా ఎక్కుతుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇప్పుడు వినే వంతు.”

“ముందు వీధంతా చుక్కలే. మంచి ఇళ్లు, పెద్ద గోడలు, ఇనప గేట్లు, కెమెరా. ఈ సందు చూస్తే ఇరుకు. దీపం ఒకటే, అదీ వెలగదు. గోడ లేదు, కాపలావాడు లేడు. నా పుస్తకాల ప్రకారం దొంగతనాలన్నీ ఇక్కడే జరగాలి. ఒక్క చుక్క లేదు.”

“ఒక్కటీ లేదా?”

“ఒక్కటీ లేదు. ఇన్నాళ్ల నుంచీ నాకు అంతుపట్టలేదు. చివరికి పటంలో ఈ కిటికీ ఎవరిదా అని చూస్తే మనది.”

“అది మీ అత్తయ్య చలవ.”

“అదెలా?”

“సెక్రటరీ గారినడుగు.”

“అబ్బో, ఆ మహాతల్లి. సందులో కాకి వాలినా అడిగేదండీ. ‘ఎవరింటికి నాయనా?’ అని. నెమ్మదిగానే అడిగేది. కానీ జవాబు చెప్పకుండా అడుగు ముందుకి పడేది కాదు.”

“మిమ్మల్ని కూడా అడిగేదా?”

“మా ఇంటికి నేను వెళ్తుంటే కూడా అడిగేది. ‘మా ఇంటికేనండీ’ అనేవాణ్ణి. ‘ఇంత పొద్దుపోయిందేం’ అనేది. మా ఆవిడ కూడా నన్నలా అడగలేదు.”

“మేస్త్రీని మా ఆవిడ మూడుసార్లు అడిగింది. నాలుగోసారి వాడే కిటికీ దగ్గర ఆగి, తాపీ చూపించి, ఎవరింట్లో ఏం కడుతున్నాడో చెప్పి వెళ్లాడు.”

“చూశారా సెక్రటరీ గారూ, నేను పటాలు గీసి చెప్పింది మా అత్తయ్య ఒక్క ప్రశ్నతో చేసింది. దొంగకి గోడంటే భయం లేదు. ‘ఎవరింటికి నాయనా’ అంటే భయం.”

“ఆవిడ పోయి మూడేళ్లు దాటిందండీ.”

“దాటింది. అయినా చుక్క పడలేదు. ఎందుకంటారు?”

“ఎందుకంటే... ఈయన కూర్చుంటున్నారు కదా, ఆ కుర్చీలో.”

“మావయ్య ఎవర్నీ ఏమీ అడగరే.”

“అదేనండీ ప్రాణం మీదకొచ్చింది. ఆవిడ అడిగేది, మేం ఏదో ఒకటి చెప్పేవాళ్లం, అక్కడితో సరి. ఈయన అడగరు. తల కూడా తిప్పరు. తిన్నగా చూస్తూ కూర్చుంటారు. మనం ఎటు నడిచినా మనవైపే చూస్తున్నట్టుంటుంది. మంచీ చెడూ ఏమీ అనరు. ఎంతకని తట్టుకుంటారు జనం?”

“ఏ జనం?”

“అంటే... జనమంటే... కమిటీ అనుకోండి.”

“అంటే ఈ గోడ దొంగ కోసం కాదన్నమాట.”

“దొంగ కోసమే. దొంగ కోసం కట్టే గోడ ఇటు కూడా కలిసొస్తుందని...”

“సెక్రటరీ గారూ, మీరు కంగారు పడకండి. మంచినీళ్లు తీసుకోండి. బుజ్జీ, ఆయనకి కూడా ఓ గ్లాసు.”

“వద్దు మాస్టారూ. నా నోటితోనే అనిపించారు, ఇంకేం నీళ్లు.”

“కమిటీ మొత్తం ఒప్పుకుందా? మొదట ఎవరన్నారు గోడ కడదామని?”

“అందరూ అన్నారు మేడం. ఒక్కొక్కళ్లూ విడివిడిగా నా దగ్గరకొచ్చి, చెవిలో అన్నారు. ట్రెజరర్ గారు మరీను. ‘ఆయన నన్ను చూస్తాడయ్యా, చూసి ఊరుకుంటాడు, తిట్టేసినా బాగుండు’ అంటాడు.”

“ట్రెజరర్ గారు సందులో ఏం చేస్తారు?”

“వాళ్ల చెత్తసంచీ డాక్టరు గారి పెరటి గుమ్మం దగ్గర పడేస్తాడు. పడేసేవాడు. ఈ మధ్య మానేసి తొట్టిదాకా మోసుకెళ్తున్నాడు. నడుం నొప్పి వస్తోందట.”

“మావయ్యా, మీరాయన్ని చూశారా?”

“నేనేం చూళ్లేదమ్మా.”

“ఇదిగో, ఇదీ వరస. ఎవరి గురించి అడిగినా ఇదే మాట. మాస్టారూ, మీరు చూశారని మాకు తెలుసు, మాకు తెలుసని మీకూ తెలుసు.”

“నిజంగా నేనేం చూళ్లేదండీ. సంచీ పడ్డ చప్పుడు విన్నాను. ఎవరిదో అడగలేదు.”

“విన్నారు. అడగలేదు. చూళ్లేదు. చూడండి మేడం, ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?”

“మరి మీరు?”

“నేనేంటి?”

“మీరెందుకు కావాలన్నారు గోడ? మీ చెత్త మీరు ఎక్కడ పడేస్తారు?”

“మేడం గారూ, నేను సెక్రటరీని. నాకంటూ వేరే మాట ఉండదు. సభ్యుల మాటే నా మాట.”

“దగ్గు తగ్గిందాండీ?”

“ఏ... ఏం దగ్గు మాస్టారూ?”

“సాయంత్రాలు ఇటు వస్తుంటారు కదా, భోజనానికి ముందు. ఇక్కడే, ఈ గోడవార నిలబడి. కిందటి వారం బాగా దగ్గారు. తేనె పుచ్చుకోమని చెబుదామనుకున్నాను, మళ్లీ మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను.”

“అయిపోయింది. చూసేశారు.”

“నేనేం చూళ్లేదండీ.”

“మాస్టారూ, దణ్ణం పెడతాను. రోజుకి ఒక్కటే కాలుస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటే. గుండె డాక్టరు మానెయ్యమన్న రోజే మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంట్లో తెలిస్తే నన్ను గోడకి అవతలే ఉంచేస్తుంది.”

“నేను దగ్గు గురించే అడిగాను. సిగరెట్టు మాట మీరే తెచ్చారు.”

“అదే మీ పద్ధతి. ఏమీ అనరు, అంతా మా చేతే కక్కిస్తారు.”

“సెక్రటరీ గారూ, నాకు ఇప్పుడు అర్థమైంది. మీ కాలనీలో ఎవరికీ దొంగంటే అంత భయం లేదు. పక్కింటివాళ్ల కన్నంటేనే భయం.”

“దొంగ ఏడాదికి నాలుగుసార్లు వస్తాడండీ. మాస్టారు రోజూ ఉంటారు.”

“అదేనండీ తేడా. మీరు సిగరెట్టు దాచుకోవాలనుకునే చోట దొంగ ఏం దాక్కుంటాడు? మిమ్మల్ని ఇబ్బంది పెట్టే కిటికీయే వాణ్ణీ ఇబ్బంది పెడుతోంది. వాడొక్కడికే కనపడేలా కిటికీ చేయడం నాకు రాదు.”

“అలాంటిది గీయగలిగితే మాత్రం మేడం, సన్మానం చేసేవాళ్లం.”

“గోడ కట్టండి, కట్టొద్దనను. కానీ కట్టిన మూడో నెలకి ఈ పటంలో ఇక్కడ చుక్క పడుతుంది. ఆ దొంగ మీకు దణ్ణం పెట్టుకుని మరీ వెళ్తాడు.”

“మరి సభ్యులకేం చెప్పను? ఏకగ్రీవంగా అనుకున్నాం.”

“నిజంగా ఏకగ్రీవమేనా? ఒక్కరూ వద్దనలేదా?”

“ఒక్కడు. మూడో అంతస్తువాళ్ల అల్లుడు. ఎప్పుడూ మీటింగులో నోరు విప్పనివాడు, లేచి నిలబడి ‘ఆ కిటికీ ఉండాలండీ’ అన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు. మామగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. అయినా లెక్కలోకి తీసుకోలేదు, అల్లుడు కదా, ఓటు లేదు.”

“అతనన్నాడా ఆ మాట?”

“అన్నాడు మాస్టారూ. ఏం, అతని సంగతి కూడా మీకు...”

“లేదు లేదు. మంచి కుర్రాడు. అతని జోలికి పోకండి.”

“సరే, పోను. ఇంతకీ ఆ ఇటుకలేం చెయ్యమంటారు? దింపించినవి వెనక్కి తీసుకోడు వాడు.”

“రెండు దిమ్మలు కట్టించి, ఆ బెంచీని ఆఫీసు గదిలోంచి తెచ్చి వాటి మీద వేయించండి. ఇక్కడే, ఈ కిటికీకి ఎదురుగా.”

“ఎవరు కూర్చుంటారండీ ఇక్కడ?”

“మీరే కూర్చోవచ్చు. నిలబడి దగ్గడం కన్నా కూర్చుని దగ్గడం మేలు.”

“అత్తయ్యగారి నోరు మీకు వచ్చింది మేడం. సరే మాస్టారూ, మేస్త్రీకి వద్దని చెబుతాను. ట్రెజరర్ గారికి ఏదో ఒకటి చెప్పుకుంటాను. గాజుపెంకులు దొరకలేదని చెబుతాను.”

“మీకు చాలా శ్రమ ఇస్తున్నాను.”

“శ్రమ కాదు గానీ... మాస్టారూ, ఒక్క మాట. ఇన్నాళ్లూ నన్ను చూస్తూ కూడా మా ఆవిడతో ఒక్కసారీ అనలేదు. ఆవిడ కూరలబండి కోసం వచ్చి ఈ కిటికీ దగ్గరే గంటలు గంటలు నిలబడుతుంది కదా.”

“నేనేం చూళ్లేదని చెబుతున్నాను కదండీ.”

“అదిగో. ఎవరంటారండీ ఈ రోజుల్లో అలాంటి మాట. వస్తాను. వస్తాను మేడం.”

“మెట్టు చూసుకుని దిగండి, అంచు విరిగింది.”

“చూశాను, చూశాను. ఏదీ వదలరు కదా మీరు.”

“వెళ్లాడా బుజ్జీ?”

“మలుపు తిరిగాడు. మావయ్యా, ఆ అల్లుడు సంగతేంటి? మీరు టక్కున మాట మార్చారు.”

“నీకు చెబితే నీ దగ్గరే ఉండాలి.”

“ఉంటుంది.”

“అతని ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పుకోలేదు. పొద్దున్నే సంచీ తగిలించుకుని, అత్తగారు కట్టిచ్చిన డబ్బా పట్టుకుని దిగుతాడు. దిగి ఈ కిటికీ పక్కనే నిలబడి అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేసుకుంటాడు. గొంతు వింటే తెలిసిపోతుంది కదా, ఉద్యోగం ఉన్నవాడి గొంతు అలా ఉండదు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? మొదటిరోజు ఓ గ్లాసు టీ కిటికీలోంచి అందించాను. తీసుకున్నాడు. అప్పట్నుంచీ రోజూ రెండు గ్లాసులు పెడుతున్నాను. ఇక్కడెందుకు నిలబడ్డావని నేను అడగను, ఎందుకిస్తున్నారని అతను అడగడు. మొన్న గ్లాసు కడిగి ఇచ్చాడు.”

“అత్తయ్య అయితే అడిగేసేది.”

“అడిగి, ఈపాటికి ఉద్యోగం కూడా చూసిపెట్టేది. నాకు అంత చేతకాదు. టీ వరకే.”

“మీరు ఎప్పుడూ ఇలాగే. అవునూ, కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా? ఆ మధ్య ఫోనులో చుక్కలు వేసుకుంటున్నానన్నారు.”

“వెళ్లాను. ఇక రావక్కర్లేదన్నాడు.”

“హమ్మయ్య. మంచి మాట చెప్పారు.”

“ఆయన చాలా మంచాయన. మెట్ల దాకా వచ్చి దింపాడు.”

“మావయ్యా, నేను ఈ కిటికీ గురించి రాయబోతున్నాను. ఈ కాలనీకే కాదు, నేను గీసే ప్రతి ప్లానులో పెడతాను. సందుకో కిటికీ, ఆ కిటికీ వెనక రెండు కళ్లు. ఇన్నేళ్లు చదివి, ఇన్ని ఊళ్లు తిరిగి నేను తెలుసుకున్నదంతా ఆ ఒక్క ముక్కే. రేపు పొద్దున మీ ఫొటో కూడా తీస్తాను, ఈ కుర్చీలో.”

“ఫొటోకేం, తీసుకో. కళ్లు అనే రాయాలా?”

“మరేం రాయను?”

“మనిషి అని రాయి.”

“మనిషి ఉంటాడు, నిద్రపోతుంటాడు. చూడాలి కదా. చూపే కదా మావయ్యా అసలు పని చేసేది.”

“నువ్వు చదువుకున్నదానివి. నీకే బాగా తెలియాలి.”

“పోనీ, కిటికీ పైన ఒక దీపం పెట్టిస్తాను. సందులోకి వెలుగు పడేలా. మీకు ఇంకా బాగా కనపడుతుంది.”

“సందులోకి వద్దు. ఇటు తిప్పించు, కుర్చీ మీదకి.”

“మీ మీదకా? మీరు వాళ్లని చూడాలా, వాళ్లు మిమ్మల్ని చూడాలా?”

“వాళ్లు నన్ను చూస్తే చాలమ్మా. ఇన్నాళ్లూ అలాగే జరుగుతోంది.”

“నాకు అర్థం కాలేదు.”

“నువ్వు రాసేదాన్లో తప్పు పోతుందేమోనని చెబుతున్నాను, లేకపోతే చెప్పేవాణ్ణి కాదు. ముందు ఆ వీధి తలుపు దగ్గరికి వేసెయ్. ఈ పూటకిక ఎవరూ రారు. చప్పుడు మాత్రం చెయ్యకు.”

“వేశాను మావయ్యా. గడియ కూడా పెట్టాను. ఇప్పుడు చెప్పండి, ఏం తప్పు?”

“గొంతు తగ్గించు తల్లీ, కిటికీ తెరిచే ఉంది. నాకు చూపు పోయి రెండేళ్లు దాటింది. ఆ సంగతి ఈ సందుకి ఇంకా తెలియదు.”